వద్దు నేర్పిన శనివారాలు

నేను కడపలో పుట్టి పెరిగాను, కరాటే కూడా అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయి కర్నూలుకు వచ్చాక మా మేడ మీద ఆడపిల్లలకు నేర్పేదాన్ని. వాళ్లలో ఒకమ్మాయి మేనత్త కోడుమూరులో టీచరు. మానసికంగా ఎదగని పిల్లల కోసం బడి ఆవరణలో ఒక గది ఇస్తే, ఆమె వాళ్లను చూసుకునేది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "మా పిల్లలకు కూడా ఏదన్నా చెప్పరాదా? కూర్చోని కూర్చోని కట్టెల మాదిరి అయిపోతాండారు" అంది. అట్లా శనివారం పొద్దున్నే కోడుమూరు బస్సెక్కడం మొదలుపెట్టాను.

మొదట్లో గొప్ప ఆశలే ఉండేవి. వాటిని పిల్లలు తొందరగానే తగ్గించారు. వరుసలో నిలబడటం, వంగి నమస్కారం పెట్టడం, గాల్లోకి పిడికిలి విసరడం, మా కరాటే అంతవరకే. గోడతో తప్ప ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడొకడు గోడకే నమస్కారం పెట్టేవాడు. పోయిన వారం నేర్పింది ఈ వారానికి చెరిగిపోయేది. మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని.

ఒక శనివారం, దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి తన కూతుర్ని తీసుకొచ్చింది. కూలిపని చేసే మనిషి. ఆ పిల్లకు పదమూడేళ్లుంటాయి, ఒళ్లు పెరిగింది, మనసు పసితనం దగ్గరే ఆగింది. అమ్మ, బువ్వ, నీళ్లు లాంటి నాలుగైదు మాటలు తప్ప రావు. ఎవరు చెయ్యి పట్టుకున్నా నవ్వుకుంటూ వెంట నడిచేది.

"మేడం, ఈ నమస్కారాలు దీనికేం వద్దు" అంది తల్లి. "ఎవుడన్నా చెయ్యి పట్టుకుంటే ఇడిపించుకోని గెట్టిగా అరిసేది, అదొక్కటి నేర్పితే సాలు."

ఎందుకో నేను అడగలేదు. ఆమే చెప్పింది. పంట కోతల కాలంలో వాళ్ల ఊరి జనం గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. దాన్ని వాళ్లు సుగ్గి అంటారు. భర్త లేడు. ఆమె సుగ్గికి పోతే పిల్ల అవ్వ దగ్గర ఉండాలి.

"మా అమ్మకు చెవులు ఇనపడవు, కండ్లు అంతంత మాత్రమే. ఇది చూస్తే పెద్దదయితాండాది. ఊర్లో అందరూ మంచోళ్లే అనుకోని యట్ల పోయేది మేడం?"

మణికట్టు పట్టు విడిపించుకోవడం కరాటేలో చాలా చిన్న విద్య. పట్టుకున్నవాడి బొటనవేలు ఎటుంటే అటు చేతిని తిప్పి లాగాలి, అంతే. మామూలు పిల్లలు ఒక్క పూటలో నేర్చేసుకుంటారు. ఈ పిల్లకు ఎండాకాలం పోయింది, వానలు రావాల్సిన నెలలు కూడా పోయాయి. నేను చెయ్యి పట్టుకుంటే ఆటనుకుని నవ్వేది. కరాటేలో వేసే కేకకు బదులు "వద్దు" అనిపించాలని నేను అరిచి చూపిస్తే, భయపడి చెవులు మూసుకునేది. తల్లి మాత్రం కూలి మానుకుని ప్రతి శనివారం వచ్చేది. మూలన కూర్చుని, పిల్లతో పాటు తనూ సన్నగా "వద్దు, వద్దు" అనుకునేది.

ఎవరు పట్టుకుంటే అరవాలి, ఎవరు పట్టుకుంటే అరవకూడదు అనేది కూడా నేర్పబోయాము. తల్లి పట్టుకుంటే ఊరుకోవాలి, నేను పట్టుకుంటే అరవాలి. ఆ తేడా ఆ పిల్లకు ఎన్నడూ పట్టుబడలేదు. టీచరు, "ముందు అరవనీ, తర్వాత చూద్దాం" అంది. నాకూ అదే సబబనిపించింది.

కందులు పూతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున, నేను మణికట్టు పట్టుకోగానే ఆ పిల్ల చెయ్యి తిప్పి లాక్కుంది. ఒకడుగు వెనక్కి వేసింది. "వద్దూ!" అని అరిచింది. గది మార్మోగింది. గోడ దగ్గరి పిల్లవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. మేమంతా చప్పట్లు కొట్టాము. తల్లి లేచి వచ్చి కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకోబోతే, ఆమె మీద కూడా అరిచింది. తల్లి ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు ఆమె ముఖంలో చూసిన తేలిక నాకు బాగా గుర్తుంది.

తర్వాత కొద్ది రోజులకే ఆమె సుగ్గికి పోయింది. పిల్ల తరగతికి రావడం మానేసింది. తీసుకొచ్చే మనిషి లేదనుకున్నాము. సంక్రాంతి దాటినా రాకపోయేసరికి టీచరు, నేను ఆటోలో వాళ్ల పల్లెకు పోయాము.

అవ్వ ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తోంది. పిల్ల లోపల, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. తల చింపిరిగా ఉంది. పై పెదవి వాచి, చీలిన చోట చెక్కు కట్టింది. మమ్మల్ని చూసి నవ్వలేదు. జరిగింది మాకు పక్కింట్లో ఉండే పిల్ల మేనమామ చెప్పాడు.

"ఎవురు ముట్టుకున్నా అరుసుడే. నీళ్లు పోద్దామని అవ్వ చెయ్యి పడితే అరుస్తాది. తల దువ్వబోతే అరుస్తాది. చర్చిలో పాస్టరు ప్రార్థన చేసి తల మీద చెయ్యి పెట్టబోతే, జనమంతా ఉండంగ, వద్దు అనె. దయ్యం పట్టిందంటాండారు జనం. మొన్న రోడ్డు మీద ట్రాక్టరు వస్తాంటే నేను పట్టుకోని పక్కకు లాగితి. ఇడిపించుకోని మళ్లా ట్రాక్టరుకే అడ్డం పడె. సచ్చిపోవాల్సింది, తల్లీ! కోపం ఆపుకోలేక మూతి మీద కొడితి."

అతను చెడ్డవాడు కాదు. "ఏంటికి నేర్పినారు మేడం ఇట్లాంటివి?" అని అడిగాడు. టీచరు అతని దగ్గర తల్లి ఫోను నంబరు తీసుకుంది.

ఫోను చేస్తే తల్లి పని సగంలో వదిలి వచ్చేసింది. ఆ శనివారం కూతుర్ని తీసుకుని తరగతికి వచ్చింది. మిరపకాయల ఘాటుకు ఆమె చేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

"మరిపించండి మేడం, ఆ అరుపు" అంది.

"అది పిల్లను కాపాడేదే కదమ్మా. నువ్వే కదా అడిగింది" అన్నాను.

"అడిగితి, లేదనను. ఎవుడో చెడ్డోడు వస్తాడేమో అనుకోని అడిగితి. వాడు వస్తాడో రాడో నాకు తెలీదు. నీళ్లు పోసేటోళ్లు, బువ్వ పెట్టేటోళ్లు దినామూ ఉండాలి కదా? వాళ్లంతా ఇసుక్కోని మాకెందుకులే అంటే ఇది యట్ల బతుకుతాది?"

 

మరిపించడం మొదలుపెట్టాను. మణికట్టు మెల్లగా పట్టుకునేదాన్ని. అరిస్తే ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. అరవకుండా ఉంటే బెల్లం ముక్క చేతిలో పెట్టి చప్పట్లు కొట్టేదాన్ని. అంతకుముందు అరిచినందుకు కొట్టిన చప్పట్లే అవి. మొదట్లో ఆ పిల్ల నా ముఖంలోకి అదే పనిగా చూసేది. ఏది తప్పో, ఏది ఒప్పో వెతుక్కుంటున్నట్టు ఉండేది. తర్వాత చూడటం మానేసింది. నేర్పడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. మరిపించడానికి నెల కూడా పట్టలేదు. పెదవి మీద పడిన దెబ్బ సగం పని ముందే చేసి పెట్టిందని నాకు తెలుసు.

మరుసటి ఏడు వానలు మళ్లీ మోసం చేశాయి. తల్లి ఈసారి కూతుర్ని తన వెంటే సుగ్గికి తీసుకుపోయింది. అక్కడ చేను పక్కన పట్టలు కప్పిన గుడిసెలట, ఎక్కడెక్కడి జనమో ఉంటారట. తల్లి చేనులో ఉన్నంతసేపూ పిల్ల గుడిసెలో ఉండాలి. టీచరు వద్దని చెప్పి చూసింది. "ఈడ ఇడిసిపెడితే చూసేటోళ్లు ఎవురుండారు?" అని తల్లి తిరిగి అడిగింది.

ఎండలు ముదిరాక తిరిగొచ్చారు. ఒక శనివారం మళ్లీ ఇద్దరూ గది గుమ్మంలో కనిపించారు. పిల్ల చిక్కిపోయింది. కళ్లు నేల మీదే ఉన్నాయి.

"అక్కడ ఎట్లుండిందమ్మా?" అని తల్లిని అడిగాను.

"ఏం తగువు లేదు మేడం. ఇప్పుడు శానా నిమ్మళం. ఎవురు పిల్చినా పోతాది."

ఆమె అది నాకు సంతోషం కలిగించే మాటగానే చెప్పింది. నేను పిల్లను అడిగాను, బాగున్నావా అని. చెప్పడానికి ఆ పిల్ల దగ్గర మాటలు లేవు. వరుసలో నిలబెడదామని భుజం మీద చెయ్యి వేశాను. నెట్టిన వైపుకు నెట్టినంత మేర కదిలి, నేను ఆపిన చోట ఆగింది. మిగతా పిల్లలు గాల్లోకి పిడికిళ్లు విసరడం మొదలుపెట్టారు.