నేను కాయమన్న నీళ్లు

నీళ్లు మరిగే చప్పుడు నాకు పడదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి నీళ్లు కాచాల్సి వస్తే గిన్నె పొయ్యి మీద పెట్టేసి వాకిట్లోకి వెళ్లి నిలబడతాను. మా అమ్మాయి నవ్వుతుంది. దానికి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే ధైర్యం లేక.

తొంభైల చివర నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మాది చిలకలూరిపేట దగ్గర పత్తి పండే నల్లరేగడి ఊరు. వేసిందేమో కనిగిరి అవతల, రాళ్లూ కంపచెట్లూ తప్ప ఇంకేమీ కనపడని మెట్ట ఊరికి. కనిగిరిలో కాపురం పెట్టి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. మా వీధికి ఎక్కడో దూరపు బావి నుంచి మంచినీళ్లు డ్రమ్ముల్లో బండి మీద వచ్చేవి. ఆ నీళ్లే ఇంట్లో తాగేవాళ్లం, అవే సీసాలో పోసుకుని బడికి పట్టుకెళ్లేదాన్ని. ఊళ్లో బోరింగు నీళ్లు ఒక్క గుక్క కూడా నా గొంతు దిగేవి కావు. పిల్లలు మాత్రం బడి ముందున్న ఆ బోరింగు కిందే దోసిళ్లు పట్టేవాళ్లు. ఊరంతటికీ అవే నీళ్లు.

అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మూడో తరగతిలో సగం మంది పళ్లకు గోధుమరంగు చారలు. తోముకోవడానికి బద్ధకం వెధవలకి అనుకుని, ప్రార్థన అయ్యాక వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించేదాన్ని. చిగుళ్లు చిట్లేలా బొగ్గుపొడితో తోముకొచ్చిన వాళ్లను కూడా తిట్టాను.

పాఠ్యపుస్తకంలో ఆరోగ్యం పాఠం ఒకటి ఉండేది. నీళ్లు కాచి, చల్లార్చి తాగాలని అందులో రాశారు. దాన్ని నేనే కనిపెట్టినంత గొప్పగా చెప్పాను. రోజూ పొద్దున్నే "ఎవరింట్లో కాచారు?" అని అడిగితే అందరూ చేతులెత్తేవాళ్లు. అబద్ధమని నాకు తెలుసు. నిజంగా కాచింది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటి పిల్ల పాత టానిక్కు సీసాలో కాచిన నీళ్లు తెచ్చుకునేది. వాళ్లమ్మ ఒంటరిది, మిరపకాయల కోతకీ పత్తి తీతకీ పక్క ఊళ్లకు కూలికి పోయేది. ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. ఆ సీసా చేత్తో పైకెత్తి మరీ చూపించాను.

మరుసటి ఏడు ఆ పిల్ల నడక మారింది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేవి, పాదాలు ఎడంగా పడేవి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేక కాళ్లు చాపుకునేది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఒకరోజు ఆలస్యంగా వచ్చిందని పది గుంజీళ్లు తియ్యమన్నాను. రెండోసారి కిందికి వెళ్లింది, పైకి లేవలేకపోయింది.

"నటనలు చాలు, లే" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. గోడ పట్టుకుని పాకినట్టుగా లేచి, "సారీ టీచర్" అంది. ఆ మొహం ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో కూడా అదే మాట అంటుంది.

కొన్నాళ్లకు ఒక డాక్టరుగారు బడికొచ్చి పిల్లలందరినీ చూశారు. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, పళ్ల మీద చారలు దానివల్లేనని, అది ఎముకల్లోకీ చేరుతుందని చెప్పారు. అందరూ తాగేది అవే నీళ్లయినా, ఇంట్లో గేదె ఉండి పాలూ పెరుగూ తినే రైతుల పిల్లలకు చాలావరకు పళ్లతో సరిపోయింది. ఆ తిండి లేని పిల్లలకు కాళ్లు వంకర్లు పోతున్నాయట. నేనూరుకోవచ్చుగా! "ఈ పిల్ల కాచిన నీళ్లే తాగుతుంది డాక్టరుగారూ, మరి దీనికెందుకు వచ్చిందంటారు?" అన్నాను.

"కాస్తే ఫ్లోరైడ్ పోదండీ. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఎవరు కాయమన్నారు?"

"మా టీచరేనండి" అంది ఆ పిల్ల, ఆయన చెప్పింది అర్థంకాక, గర్వంగా.

ఆయన నావైపు ఒకసారి చూసి తర్వాతి పిల్లాణ్ణి పిలిచారు. రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. తల్లి అప్పుడే మిరప చేలోంచి వచ్చినట్టుంది, మండుతున్న చేతులు కొంగుకి తుడుచుకుంటూ పొయ్యి రాజేస్తోంది. సత్తుగిన్నె నిండా నీళ్లున్నాయి.

"సగానికి ఇగరనిస్తా టీచరమ్మా, కషాయం మాదిరి. ఎంత కాస్తే అంత మంచిది గదా" అంది.

"ఇక కాయొద్దులేమ్మా" అన్నాను.

"అదేంది? నేను సరిగ్గా కాయటంలా?"

అప్పుడు చెప్పాల్సింది. దానికోసమే వెళ్లాను. కానీ "అది కాదు, పుల్లలు దండగ. అలిసిపోయొచ్చి నీకెందుకీ అవస్థ" అనేసి, పాలు పట్టమని రెండు ముక్కలు చెప్పి బస్సెక్కేశాను. మర్నాటి నుంచి నా సీసాలో నీళ్లు ఆ పిల్లకు ఇచ్చాను. దాంతో నా తప్పు కడిగేసుకున్నాననుకున్నాను. సిగ్గులేని మనిషిని.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజున తల్లి ఆ పిల్లను చంకనెత్తుకుని వచ్చింది. పదేళ్ల పిల్ల. కాళ్లు రెండూ దూరం దూరంగా వేలాడుతున్నాయి.

"కాయటం మానలేదు టీచరమ్మా" అంది నన్ను చూడగానే. "నా కష్టం చూళ్లేక మీరు వొద్దన్నారని నాకు తెలవదా? బిడ్డకంటే పుల్లలు ఎక్కువా? కాళ్లు ఇట్టా అయ్యేసరికి ఇంకా ఎక్కువసేపు కాస్తన్నా."

ఆమెను వరండాలో కూర్చోబెట్టి అప్పుడు చెప్పాను, అంతా. నేను చెప్పింది తప్పని, ఆ నీళ్లు కాచేకొద్దీ విషమవుతాయని, నాకు తెలిసి కూడా ఆరోజు దాచానని. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె పిల్ల మోకాళ్ల మీద చెయ్యి వేసి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు వేళ్లు మడిచింది. తర్వాత తలెత్తి, ఎప్పటిలాగే నా మాట కోసం నా మొహంలోకి చూసింది.

"అయితే రేపట్నుంచి దీనికి యాడి నీళ్లు పొయ్యమంటారు టీచరమ్మా?"

ఆ ఊళ్లో వేరే నీళ్లు లేవు.