వెళ్ళిపోతున్న పులి

హుకుంపేట దాటి కొంత దూరం వెళ్ళాక జీపు ఆగిపోయింది. ఎదురుగా కొండచరియ జారి, ఎర్రమట్టితో పాటు ఓ పనసచెట్టు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. డ్రైవర్ పోతురాజు దిగి, ఆ చెట్టు తన సొంతమైనట్టు దాని మొదలు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"పొక్లెయినొచ్చీదాకా ఇంతే. దిగండి, కాళ్ళు సాపుకోండి."

"ఎప్పుడొత్తాదేటి?" అని లోపల్నించి ఎవరో అడిగారు.

"దానికి ఫోన్లేదు, అడుగుదామంటే."

జీపులో పట్టాల్సిన వాళ్ళకి రెట్టింపు మంది ఉన్నారు. అందరూ విడివడి కిందికి దిగడానికే కొంతసేపు పట్టింది. ఎండుచేపల మూటకీ, కాళ్ళ దగ్గర సంచి పెట్టుకున్న ఒక మనిషికీ మధ్య ఇరుక్కుని వచ్చిన సోని అందరికన్నా చివర దిగింది. ఆ సంచీ మనిషి ఆమె బ్యాగు అందుకుని గట్టు మీద పెట్టాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, మెడలో తువ్వాలు, నవ్వితే పక్కపళ్ళు కనిపిస్తున్నాయి.

"ఏ ఇంటి గుంటవమ్మా?" అన్నాడు.

ఈ కొండల్లో కొత్త మనిషి కనపడితే ముందు అడిగేది పేరు కాదు, ఊరు కాదు, ఇల్లు. ఇల్లంటే ఇంటిపేరు. ఇంటిపేరంటే ఒక జంతువో పిట్టో సూర్యుడో. కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము, కిల్లో అంటే పులి. ఒకే ఇంటివాళ్ళు ఏ మూల పుట్టినా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. వాళ్ళ మధ్య పెళ్ళి మాట సరే, సరసం మాట కూడా రాకూడదు. వేరే ఇళ్ళయితే బావా మరదళ్ళు కావచ్చు, అప్పుడు ఎంత వేళాకోళమైనా చెల్లుతుంది. పల్లపు ప్రాంతాల్లో గోత్రాన్ని పెళ్ళిళ్ళప్పుడు మాత్రమే బయటికి తీస్తారు. ఇక్కడ జీపులో పక్కన కూర్చున్న మనిషితో ఎలా మాట్లాడాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది.

సోని చెప్పాల్సిన మాట ఒక్కటే, "కిల్లో" అని. ఆ మాట నోట్లో ఉండగానే ఆమె చూపు అతని సంచి మీద పడింది.

సంచి మీద ఒక పులి బొమ్మ ఉంది. ముఖం కనపడదు. మనకి వీపు చూపించి, తోక పైకెత్తి, ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి వెళ్ళిపోతోంది. కింద "కిల్లో కాఫీ" అని ఉంది. ఆ బొమ్మని సోని ఇంతకు ముందొకసారి చూసింది. చెన్నైలో, కంప్యూటర్ మీద, కాసేపు మాత్రమే.

"మాది అరకు పక్కనండీ, బొండగుడ," అంది.

"ఊరడిగేనా నేను? ఇల్లు సెప్పవా? సరే మరి. సెప్పనోళ్ళు మరదళ్ళే. తప్పైతే నువ్వే సెప్పుకో."

జీపు పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. సోని గట్టు మీద కూర్చుని మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

కిల్లో సోని తండ్రి మేకలు కాసేవాడు. వారపు సంతకి వెళ్ళే మేకలన్నీ ఒక్కలాగే ఉంటాయి గనక, చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి ఇంటివాళ్ళూ తమ మేక చెవికి తమదైన కత్తిరింపు పెట్టుకునేవారు. ఒకరిది చెవి కొసన చీలిక, ఒకరిది పక్కన చంద్రవంకలాంటి నొక్కు. ఒకరి నొక్కు ఇంకొకరు పెట్టరాదు. ఎవరైనా పెడితే సంతలో పెద్దమనుషులు రెండు మేకల్నీ పక్కపక్కన నిలబెట్టి చెవులు పట్టుకుని చూసేవారు. వేల ఏళ్ళ కిందట వెండి నాణేల మీద గుర్తులు గుద్దినవాడూ, కుండ అడుగున బొటనవేలు నొక్కిన కుమ్మరీ, సంతలో మేక చెవి పట్టుకున్న పెద్దమనిషీ చేసిన పని ఒకటే. ఇది నాది, ఇంకొకడిది అనుకోవద్దని చెప్పడం. ఆ పనికే ఇప్పుడొక చట్టం ఉంది, ఒక ఆఫీసుంది, జీతమిచ్చి చేయించుకుంటుంది.

అలాంటి ఉద్యోగం ఒకటుందని సోనికి చాలాకాలం తెలియదు. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖపట్నంలో లా పూర్తిచేసి, పాడేరు కోర్టులో ఒక వకీలు దగ్గర జూనియరుగా చేరింది. అక్కడ ఎక్కువగా వచ్చేవి భూమి తగాదాలు, గంజాయి కేసులు. వాయిదాల కోసం నిలబడి నిలబడి విసుగెత్తిన రోజుల్లో ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది, ట్రేడ్‌మార్కుల ఎగ్జామినర్లు కావాలని. దరఖాస్తుకి కులధ్రువీకరణ పత్రం కొత్తది కావాలన్నారు. దాని కోసం తిరుగుతుంటే మండలాఫీసులో గుమస్తా "ఎగ్జామినరంటే టీచరుద్యోగమా?" అన్నాడు. "కాదండి, బొమ్మలు చూసే ఉద్యోగం," అంది సోని. అతను దాన్ని హాస్యం అనుకున్నాడు.

పరీక్ష రెండు దశల్లో జరిగింది. రెండోదాంట్లో గుర్తుకి ఉండాల్సిన విలక్షణత గురించి వ్యాసం రాయమన్నారు. సోని మొదటి పేరా మేకల చెవులతో మొదలుపెట్టింది. మళ్ళీ కొట్టేసింది, కేంద్ర ప్రభుత్వ పరీక్షలో మేకలేమిటని. మిగతాది పుస్తకాల్లో ఉన్నట్టే రాసింది, ఉద్యోగం వచ్చింది.

చెన్నైలో ఆమెను మొదట అందరూ మార్వాడీ అనుకున్నారు. సోని అంటే ఉత్తరాదిన కంసాలుల ఇంటిపేరట. ఒకాయన బంగారం ధర తగ్గుతుందా అని అడిగేదాకా ఆమెకా సంగతి తెలియలేదు. "మా ఇంట్లో ఉన్నవి మేకలండీ," అని చెప్పాక అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

పని చెప్పుకోవడానికి తేలిక. దరఖాస్తు తెరవాలి. ఆ పేరు, ఆ బొమ్మ సరుకు గుణాన్ని చెప్పేవి మాత్రమేనా, లేక నిజంగా ఒక గుర్తా అని చూడాలి. అలాంటిదే ముందు ఎవరైనా పెట్టుకున్నారేమో వెతకాలి. ఉంటే అభ్యంతరం రాయాలి. దానికి దరఖాస్తుదారు నెలలోగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. రోజంతా ఏనుగులు, చిలకలు, తామరపువ్వులు, అగరొత్తుల మీద దేవుళ్ళు, బీడీ కట్టల మీద దేవతలు. మొదట్లో రాత్రి కళ్ళు మూసుకున్నా చిలకలే కనపడేవి. క్రమంగా ఒక చిలకకీ ఇంకో చిలకకీ తేడా ఆమె కంటికి ఇట్టే తెలిసిపోయేది. అదీ తండ్రి నేర్పినదే, మేక చెవి పట్టుకోకుండానే దూరం నించి గుర్తుపట్టడం.

ఆ చిలకల మధ్య ఒకరోజు వీపు చూపించే పులి వచ్చింది. దరఖాస్తుదారు కిల్లో బుజ్జిబాబు, గూడెం కొత్తవీధి మండలం. సరుకు కాఫీపొడి. పులి ముఖం ఎందుకు లేదో సోనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిల్లో వాళ్ళకి పులి ఇంటికి పెద్ద. పెద్దవాళ్ళ ముఖాన్ని పొట్లం మీద అచ్చేసి సంతలో పెట్టరు. ఎక్కడో పులి చచ్చిపోయిందని కబురొస్తే నాయనమ్మ ఇల్లంతటి చేతా తలస్నానం చేయించి, పాత కుండ బయట పడేసి పగలగొట్టడం సోని కళ్ళారా చూసింది.

దగ్గర బంధువుల ఫైలు ఎగ్జామినరు చూడకూడదు. సోని లేచి పైఅధికారి భవానిగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ నెల్లూరు మనిషి, మాట కటువు, మనసు కాదు.

"మేడమ్, ఈ ఫైలు ఇంకెవరికైనా ఇవ్వండి. మా అన్నయ్యది."

"మీ అమ్మ కొడుకా?"

"కాదండి."

"పెదనాన్న కొడుకా? చిన్నాన్న కొడుకా?"

"కాదండి."

"పోనీ, ఎప్పుడైనా చూశావా అతన్ని?"

"లేదండి."

భవానిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మరి అన్నెట్లా అయ్యాడమ్మా?"

"కిల్లో అండీ."

"మా నెల్లూరులో ఒక ఇంటిపేరు వాళ్ళు ఊరి నిండా ఉంటారు. వాళ్ళందరినీ అన్నా అంటే నేను ఏ ఫైలూ ముట్టుకోలేను."

"మీకు అన్న కాకపోవచ్చండి. నాకు అన్నే."

ఆవిడ ఆ మాటే కాయితం మీద రాయించి తీసుకుని, ఫైలు ఇంకొకరి పేరు మీదికి మార్చింది. "రాతపూర్వకంగా అన్న అన్నావు. ఇంక దీని జోలికి రాకు. దీని గురించి ఎవరితోనూ మాట్లాడకు. నీకింకా ప్రొబేషన్ అవలేదు, గుర్తుందా?" అంది.

సోని మళ్ళీ ఆ ఫైలు తెరవలేదు. ఇప్పుడా అన్న రోడ్డు మీద, పనసచెట్టుకి ఆనుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ సంచిలో ఏటున్నాది?" అని అతన్ని పోతురాజు అడిగాడు.

"కాఫీపొడి. మా తోటదే, మేమే వేయించి ఆడించింది. అరకులో కొట్లకి ఏత్తాను. పులి గుర్తు మాదని రాయించుకోడానికి అర్జీ కూడా పెట్టేను. సింతపల్లిలో నెట్టు సెంటరు రమణమూర్తిగారు పెట్టించేరు."

"వచ్చీసిందా?"

"ఏటొచ్చీడం. ఎవుళిదో పులి గుర్తు ముందే ఉన్నాదంట, కాఫీకే. పైనెక్కడో కర్ణాటకలో. ఎందుకియ్యాలో సెప్పమని రాసేరు. వచ్చీ సోమారం లోపల జవాబు రాయాలి, లేకపోతే పోద్ది."

"రాయి మరి."

"నాను రాయనని సెప్పీసేను."

గట్టు మీద సోని సీసా తిప్పడం ఆపింది.

"అదేటి, పిచ్చోడివా?" అన్నాడు పోతురాజు.

"పులి గుర్తెట్టుకున్నాడంటే ఆడూ కిల్లోవాడే కాదేటి? మనోళ్ళు ఒరిస్సా నించి ఎటెటు పోయేరో ఎవుళికి తెలుసు. అన్నో తమ్ముడో అయ్యుంటాడు. ఆడి గుర్తు నాకియ్యమని ఆడి మీద కాయితాలు రాత్తానా? రమణమూర్తిగారు తల బాదుకున్నారు. బాదుకోనీ. ఆయనికి ఇంటోళ్ళంటే ఏటి తెలుసు?"

"మరి పొట్లాల మీదేటేత్తావు?"

"కుందేలేయించుకోమంటన్నారు. కుందేలు!" అని అతను సంచి వైపు చూశాడు. ఇంటిల్లిపాదీ ఎండలో గింజలు తిరగేసి, ఇన్నేళ్ళకి తమ పేరుతో పొట్లం కట్టిన మనిషి ముఖంలో నవ్వు అప్పుడే మొదటిసారి పోయింది.

సోని తను చూడని మనిషిని అన్న అని ఫైలు వదిలేసింది. ఇతను చూడని మనిషిని అన్న అని గుర్తు వదిలేస్తున్నాడు. అక్కడ భవానిగారు కళ్ళజోడు తీసి పెట్టినట్టే ఇక్కడ రమణమూర్తి తల కొట్టుకున్నాడు. సోనీ, ఇతనూ వేరే ఏ ఊరివాళ్ళూ చెయ్యని పొరపాటు చేశారు. ఆమె దాన్ని పొరపాటనుకోలేదు, ఇతనూ అనుకోడు.

జవాబులో ఏం రాయాలో ఆమెకి తెలుసు. ముఖం చూపించి గర్జించే పులికీ, వీపు చూపించి వెళ్ళిపోయే పులికీ కొనేవాడి కంట్లో ఎంత తేడా ఉంటుందో రోజూ రాసే పనే అది. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే సలహా అవుతుంది, దరఖాస్తుదారుకి ఆఫీసు మనిషి ఇచ్చిన సలహా. ఇల్లు చెబితే ఇంకా కష్టం. ఏం చేస్తావని అడుగుతాడు. చెన్నైలో మన గుంట ఉందని రేపటికి కొత్తవీధి నించి సీతంపేట దాకా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆమె ఏ ఫైలు ముట్టుకున్నా అన్నల ఫైలే.

దూరంగా పొక్లెయిన్ చప్పుడు వినిపించింది. జనం అటు నడిచారు. పోతురాజు కూడా వెళ్ళాడు. బుజ్జిబాబు సంచి భుజాన వేసుకుంటున్నాడు.

"ఆళ్ళు కిల్లోవాళ్ళు కాదు," అంది సోని.

"ఎవుళు?"

"కాఫీ పొట్లం మీద పులి మొహం అచ్చేసినోళ్ళు. పులి సచ్చిపోతే ఆళ్ళు తానం సెయ్యరు. కుండ బద్దలుకొట్టరు. బొమ్మ బాగుందని ఏసుకున్నారు, అంతే. బయట అందరూ అంతే. ఏనుగు బొమ్మేసినోడు ఏనుగింటోడు కాదు."

బుజ్జిబాబు సంచి కిందికి దించాడు. రమణమూర్తి చూపించిన ఆ పొట్లం ఫొటో గుర్తు చేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించాడు.

"నిజమే. ఆ పులి పళ్ళన్నీ బయటెట్టి నిలబడ్డాది," అన్నాడు మెల్లిగా. "పెద్దోడి మొహం ఎవుడైనా అమ్ముకుంటాడేటి? మా ఇంటోడైతే అలగెయ్యడు. మాది ఎల్లిపోతన్న పులి. ఆ పులీ ఈ పులీ ఒకటే ఎలగవుద్ది? అదే రాసీమంటాను రమణమూర్తిగారికి. రాయొచ్చా అలగ?"

సోని సీసా మూత బిగించింది. లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. చెట్టు తొలగించేదాకా ఆగక్కర్లేదు, బొండగుడకి ఇక్కణ్ణించి కొండ మీదుగా కాలిబాట ఉంది. కొర్రకొత్త పండక్కి ఇంట్లో ఎదురుచూస్తున్నారు. తను రానిదే తల్లి కొత్త కొర్రలు నోట పెట్టదు.

అతను అప్పటికే ఫోను పైకెత్తి, సిగ్నలు కోసం పనసచెట్టు మొదలెక్కి నిలబడ్డాడు. అక్కడ కూడా దొరకలేదు. "బేగి కలవ్వేటి," అని ఫోన్ని తిట్టి, కిందికి చూసి నవ్వాడు. పక్కపళ్ళు మళ్ళీ కనపడ్డాయి.

"మంచిమాట సెప్పేవు మరదలా! నీ మెడలో తాడు కట్టినోడు అదురుష్టవంతుడు."

కాలిబాట మీద రెండడుగులు వేసిన సోని ఆగింది. ఇంతసేపూ ఆ పిలుపు ఓర్చుకుంది. ఇంక ఓర్చుకుంటే తప్పు అతనిది కాదు, తనదే. ఇల్లు దాచి అన్న చేత అలా అనిపించుకున్న తనది.

"మరదల్ని కాదు. సెల్లెల్ని," అంది.

చెట్టు మీద నవ్వు ఆగిపోయింది. బుజ్జిబాబు ఫోను దించి, పాపం చేసినట్టు చేత్తో నోరు మూసుకున్నాడు. ఆ వెంటనే ఏదో తట్టి, "ఓలమ్మా, ఆగాగు! ఏ ఊళ్ళో ఉద్యోగం అన్నావు నువ్వు?" అని అరిచాడు. ఆమె ఉద్యోగం మాటే అనలేదు. ఎత్తుగా పెరిగిన గడ్డి మధ్య నించి, అతనికి వీపు మాత్రమే కనపడేలా, ఎక్కడా ఆగకుండా కొండెక్కి పోయింది.