బతికి ఉన్నందుకు అనర్హురాలు

ఇప్పలగుంపు బాస్కెట్‌బాల్ సంఘం 1991 నవంబరులో విశ్రాంతమ్మ పటాన్ని తన కీర్తి మందిరం గోడ మీది నుంచి తీసివేసింది. తీర్మానంలో చూపిన కారణం ఒక్కటే. ఆమె బతికి ఉంది.

ఇది వెటకారానికి అన్న మాట కాదు. "ఈ మందిరమందు పటము ఉండదగిన వ్యక్తి విధిగా మరణించి యుండవలెను" అని తీర్మానం స్పష్టంగా చెబుతున్నది. కింద పాలకవర్గం సంతకాలున్నాయి. అందరూ చదువుకున్నవారే.

విశ్రాంతమ్మ పెనుబల్లి దగ్గరి పల్లెలో పుట్టింది. తండ్రి అంతోనయ్య మిషన్ వారి ఎడ్లబండి తోలేవాడు. ఆ బండి మీదనే ఆమెను ఇప్పలగుంపు మిషన్ బడికి తెచ్చి బోర్డింగులో వేశాడు. అక్కడ ఒక సిస్టరు ఎక్కడి నుంచో బాస్కెట్‌బాల్ తెచ్చింది గాని, దాన్ని వేయడానికి రింగు లేదు. కారుతున్న బావి బొక్కెన అడుగు కమ్మరితో కోయించి తాటిమొద్దుకు బిగించారు. రోడ్డు పక్కన బంజరులో రాళ్లు ఏరి, ఎర్రమట్టి, పేడ కలిపి అలికి, ముగ్గుతో గీతలు గీసి కోర్టు చేసుకున్నారు. వాన పడితే కోర్టు పోయేది. పిల్లలు మళ్లీ అలికేవారు.

ఆ కోర్టుకు ఒక పద్ధతి ఉండేది. గీత తొక్కావంటే తొక్కలేదని తగాదా వచ్చినప్పుడు ఆట ఆపి, కాలెత్తి అరికాలు చూపించాలి. ముగ్గు అంటి ఉంటే బంతి అవతలి వాళ్లది. సాక్షులక్కరలేదు, ప్రమాణాలక్కరలేదు. 1974లో జిల్లా జట్టుతో వరంగల్లు పోయినప్పుడు విశ్రాంతమ్మకు కాన్వాసు బూట్లిచ్చారు. అవి తొడుక్కుంటే తనేదో దాస్తున్నట్టు అనిపించి, విప్పి పక్కన పెట్టి ఆడింది. కప్పు గెలిచి వచ్చింది. ఆ కప్పు నేడు సంఘం అధ్యక్షుడు వెంకటరామారావు ఇంటి షోకేసులో ఉంది. అందులో ప్లాస్టిక్ గులాబీలున్నాయి.

ఆమె అదే బడిలో డ్రిల్లు టీచరయింది. ఆ వెనుక సంఘం పుట్టింది. పుట్టగానే కోర్టు తనదన్నది. గేటు దగ్గర పాతిన రాతిపలక ప్రకారం ఆ స్థలం వెంకటరామారావు మామగారు కీర్తిశేషులు బసవపున్నయ్య దానం. బంజరు భూమిని ఆయన ఎవరి దగ్గర సంపాదించి ఎవరికి దానం చేశారో రాయి చెప్పదు. కోర్టుకు సిమెంటు పడ్డాక కూడా సాయంత్రం ఒక గంట హాస్టలు ఆడపిల్లలకు వదిలారు. అది నోటిమాట. ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల మాట.

విశ్రాంతమ్మ భయమల్లా ఆ గంట గురించే. తండాల నుంచి, కోయగూడేల నుంచి వచ్చిన పిల్లలకు చీకటి పడితే హాస్టలు గేటు మూస్తారు. వారిలో ద్వాలి అనే పొడుగాటి పిల్ల ఫిబ్రవరిలో స్పోర్ట్స్ స్కూలు ఎంపికకు పోవాలి. ఎంపికైతే చదువు సాగుతుంది. లేకపోతే మిరప చేలకు కూలికి పోతుంది.

కాబట్టి సంఘం కీర్తి మందిరం కడుతున్నదని, గోడకెక్కిన వారికి జీవితకాల సభ్యత్వంతో పాటు పాలకవర్గంలో ఓటు కూడా ఉంటుందని తెలిసినప్పుడు ఆమె తన పటం ఇవ్వడానికి ఒప్పుకున్నది. కీర్తి కోసం కాదు. ఓటుంటే ఆ గంటను నోటిమాట నుంచి కాగితం మీదికి ఎక్కించవచ్చని.

అమెరికాలో ఆటగాళ్లకు ఇలాంటి మందిరం ఉన్నదని వెంకటరామారావు ఏదో పత్రికలో చూశాడు. అర్హతలు తేల్చడానికి సమావేశం పెట్టి, విశ్రాంతమ్మను కూడా పిలిచి గుమ్మం పక్క కుర్చీ చూపించారు.

"ఆడినవాళ్లనే పెడితే గోడ నిండదండీ," అన్నాడు వెంకటరామారావు.

కార్యదర్శి చెంచురామయ్య రిటైరైన హెడ్మాస్టరు. ఏ మాటకైనా నిర్వచనం సవరించగల సమర్థుడు. "ఆడటమంటే బంతి పట్టుకోవడమొక్కటే కాదు గదండీ. ఆటను ఓర్చుకోవడమూ ఆటలో భాగమే," అన్నాడు.

ఆ నిర్వచనం కింద మొదట నెగ్గినది బసవపున్నయ్య. తన పొగాకు చేలో పడిన బంతిని కొడవలితో కోయించిన ఘనత ఆయనది. సిమెంటు బస్తాలిచ్చిన ఒక షాహుకారు, కొబ్బరికాయ కొట్టిన ఒక సర్పంచి కూడా, ఇద్దరూ దివంగతులే, అదే దారిలో నెగ్గారు. అధ్యక్షుని పేరు చర్చ లేకుండానే చేరింది. చర్చంతా విశ్రాంతమ్మ దగ్గర మొదలయింది.

"బూట్లు లేకుండా ఆడిన ఆటను ప్రమాణంగా తీసుకోవచ్చునా అని నా సందేహం," అన్నాడు చెంచురామయ్య.

"బూట్లేసుకుంటే గీత తొక్కిందెవరో ఎట్ల తెలుస్తది సారూ?" అన్నది విశ్రాంతమ్మ.

అందరూ నవ్వారు. ఆటగాళ్ల మందిరంలో ఆడిన మనిషి ఒక్కరైనా లేకపోతే పేపరువాళ్లు ఏమంటారోనని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడే ఆమెకు అర్హతాపత్రమయింది.

ప్రారంభోత్సవం నాడు సత్తుపల్లి నుంచి పూలవాడు వచ్చాడు. పటాలకు దండలు వేయమన్నారు. వేశాడు. మన దేశంలో గోడ మీది పటానికి దండ ఎప్పుడు వేస్తారో అతనికి తెలుసు గనుక, అందరూ పోయినవారే అనుకుని ప్రతి పటం కిందా ఒక అగరువత్తి కూడా వెలిగించాడు. పనిలో లోపం లేదు.

వెంకటరామారావు భార్య నిర్మలాదేవి హారతి పళ్లెంతో లోపలికి వచ్చింది. చామంతి దండలో, అగరుపొగలో భర్త ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమండీ, నేనింకా బొట్టు పెట్టుకునే ఉన్నానండీ," అన్నది.

అధ్యక్షుడు స్వయంగా స్టూలెక్కి తన పటం దింపుకున్నాడు. ముఖ్య అతిథి ఎటు చూడాలో తెలియక కప్పు వైపు చూద్దామంటే అదీ అక్కడ లేదు.

విశ్రాంతమ్మ పక్కన జమ్లి నిలబడి ఉన్నది. ఒకప్పుడు ఆమె దగ్గర ఆడిన పిల్లే, ఇప్పుడు దవాఖానాలో నర్సు. "అక్కా, నీకు గూడ పొగ పెట్టిండ్రు. ఎట్లున్నది పైలోకం?" అన్నది మెల్లగా.

"సల్లగనే ఉన్నది. గని ఆడ గూడ బూట్లడుగుతున్నరు," అన్నది విశ్రాంతమ్మ. తన పటం మీది దండ తీసి తెంపి, ఆ చామంతులు పిల్లల జడల్లో పెట్టింది. ఆమెకు అంతటితో అయిపోయింది.

సంఘానికి అయిపోలేదు. మర్నాడే అత్యవసర సమావేశం. పటమన్నాక దండ ఉండాలి. బతికినవారికి దండ వేస్తే అరిష్టం. దండ లేని పటముంటే గోడకు వెలితి. కాబట్టి బతికినవారు ఉండరాదు. దండ మానేద్దామని ఒక్కరికీ తోచలేదు. అధ్యక్షుని పటం ఆఫీసు గదికి, ఆయన కుర్చీ వెనుకకు చేరింది. అక్కడ మరణించనక్కరలేదు. విశ్రాంతమ్మ పటాన్ని పాత వలలో చుట్టి ఇంటికి పంపారు.

ఇక ఇక్కడ సంఘపు న్యాయశాస్త్రం శిఖరాన్ని అందుకుంటుంది. గోడకెక్కినవారికి జీవితకాల సభ్యత్వం. గోడకెక్కడానికి అర్హత మరణం. అంటే జీవితం ముగిసినవారికే జీవితకాలం ఇస్తారు. మరి చనిపోయినవారు ఓటెలా వేస్తారు? వారసులు వేస్తారని తీర్మానించారు. ఓటు పొగాకు చేను కాదు, మామ నుంచి అల్లుడికి రావడానికి. అయినా వచ్చింది. డిసెంబరులో ముగ్గురు మృతులూ ఏకకంఠంతో ఓటు వేసి, కోర్టును సాయంత్రాలు పెళ్లిళ్లకు, చిట్టీ పాటలకు కిరాయికివ్వాలని నిర్ణయించారు.

ఆ సాయంత్రం పిల్లలు పోయేసరికి గేటుకు తాళం ఉంది. లోపల షామియానా గుంజలకు సిమెంటు పగలగొడుతున్నారు. విశ్రాంతమ్మ జమ్లిని వెంటబెట్టుకుని ఆఫీసు గదికి పోయింది.

"సారూ, నా పటం సంగతి కాదు. పోరీలకు ఒక్క గంట ఇడువుండ్రి. ద్వాలికి ఫిబ్రవరిల సెలక్షనున్నది."

"విశ్రాంతమ్మా, నీ మీద గౌరవం లేక కాదు," అన్నాడు వెంకటరామారావు. "నువ్వు నిండు నూరేళ్లు బతకాలి."

"అవ్ సారూ. గట్లయితే నూరేండ్లు గేటు బయటనే నిలబడమంటరా?"

చెంచురామయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నియమం నియమమే కదమ్మా. మీ వంతు రాకుండా పోదు. కాలం వచ్చినప్పుడు మీ పేరే ముందు పరిశీలిస్తాం."

"ఏందక్కా, సార్లు నిన్ను జల్దీ కానియ్యమంటున్నరు," అన్నది జమ్లి.

విశ్రాంతమ్మ బయటికి వచ్చింది. మిషన్ వారి ధాన్యం ఆరబోసే కళ్లంలో తాటిమొద్దు పాతించింది. బొక్కెన అడుగు కోయించింది. పిల్లలు అలికారు, ముగ్గు వేశారు. ఇప్పుడు ద్వాలి అక్కడ ఆడుతున్నది. వరి కోతలు మొదలైతే ఆ కళ్లమూ ధాన్యానికి కావాలి.

కాబట్టి ఇప్పలగుంపు బాస్కెట్‌బాల్ సంఘం అధ్యక్షునికి, కార్యదర్శికి, ఆ తీర్మానం మీద సంతకం చేసిన ప్రతి ఒక్కరికి: విశ్రాంతమ్మ కన్నుమూసిన తరువాత మీరు చేయబోయే సన్మానం మీ దగ్గరే ఉంచుకోండి. ఆమె పటం మీ గోడకు అక్కరలేదు. మృతుల పేరిట మీరు వేసిన ఓట్లు చెల్లవు. ఆ ఓట్లతో ఇచ్చిన కిరాయి చెల్లదు. వాటిని రద్దు చేయండి. ఆడపిల్లల గంటను తీర్మానంగా రాసి, గేటు తాళం తీసి, ఆ తాళంచెవి బతికి ఉన్న విశ్రాంతమ్మ చేతికి ఇవ్వండి. ఫిబ్రవరి రాకముందే ఇవ్వండి.

గీత తొక్కలేదని మీరంటారా? అయితే ఆ కోర్టు పద్ధతి ప్రకారమే తేల్చుకుందాం. బూట్లు విప్పండి. అరికాళ్లు చూపించండి.