మూడేళ్లు ముట్టని బ్యూరెట్

తిరుపతిలో నేను చదివిన డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ భక్తిగా పాటించేవాళ్లు. ప్రతి బ్యాచిలోనూ చేతిరాత బాగున్నవాళ్లు ఒకరు మూల స్టూలు మీద కూర్చుని అందరి రికార్డులూ రాయాలి. మిగతావాళ్లు గాజుసామాను పట్టుకుని కాసేపు నీళ్లాట ఆడుకోవాలి. చివరికి సీనియర్ల రికార్డులో ఉన్న రీడింగులే అందరి రికార్డుల్లోకీ ఎక్కాలి. మా సారుకు కావలసింది అంకెలు కాదు, కొట్టివేత లేని పేజీలు.

నా చేతిరాత బాగుండేది. నా దరిద్రం అక్కడే మొదలైంది.

మొదటి ఏడాది ఒకసారి స్టూలు దిగి బ్యూరెట్ పట్టుకోబోయాను. బ్యూరెట్ అంటే గీతలున్న పొడవాటి గాజు గొట్టం, కింద తిప్పడానికి చిన్న మర. సారు దూరం నుంచే కేక వేశాడు.

"నువ్వు రాసుకోమ్మా! అది పగలగొట్టేదానికి వీళ్లుండారు కదా. నీ మాదిరి రాసేదానికి ఎవురుండారు?"

క్లాసంతా నవ్వింది. నేనూ ఏదో బిరుదు ఇచ్చినట్టు పొంగిపోయి మళ్లీ కూర్చున్నాను. ఆ స్టూలు మీద నుంచి మూడేళ్లు లేవలేదు.

లైబ్రరీలో పెద్ద పుస్తకాలు అద్దాల బీరువాల్లో ఉండేవి. తాళంచెవి ఎప్పుడూ సెలవులో ఉండే మనిషి దగ్గర ఉండేది. మేం చదివింది బస్టాండు దగ్గర దొరికే గైడు. ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు నా రికార్డు రెండు పేజీలు తిప్పి, "బలే ఉండాదే!" అని బిర్యానీకి లేచాడు. రావలసిన రీడింగు అటెండరు వచ్చి మా చెవుల్లో ఊది వెళ్లాడు. నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది?

పట్టా చేతికొచ్చాక చిత్తూరులో నాలుగు ఆఫీసుల మెట్లెక్కి దిగి, చివరికి మా ఊరికి దగ్గరని బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. పని బెల్టు దగ్గర. కడిగిన కాయలు వరసగా కదిలివస్తుంటే కుళ్లినవి ఏరి పారెయ్యాలి. సొన తగిలి వేళ్ల సందుల్లో పుండ్లు పడేవి. పక్కన నిలబడే ఆడవాళ్లకు నేనంటే మంచి కాలక్షేపం.

"డిగ్రీ పాపా, ఆ కుళ్లు కాయ నీ గైడులో లేదా?" అనేవాళ్లు.

నేనూ తక్కువ తినలేదు, వాళ్ల పళ్ల గార దగ్గర నుంచి మొగుళ్ల తాగుడు దాకా అన్నీ తిరగేసి పెట్టేదాన్ని. కానీ సీజను అయిపోతే వాళ్లతో పాటు నేనూ ఇంటికే. ఫ్యాక్టరీలో ఏడాది పొడుగునా జీతమిచ్చే చోటు, నాలాంటి డిగ్రీవాళ్లు కూర్చునే చోటు ఒక్కటే, ల్యాబు. అందులో పనిచేసే అమ్మాయి మానేసిందని తెలిసి మేనేజరు దగ్గరికి పరిగెత్తాను.

"టైట్రేషన్ వచ్చునా?" అన్నాడు.

"వచ్చు సార్. ఫస్ట్ క్లాసు."

పరీక్ష పెడతానన్న రోజే మా కాలేజీ బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. ఏటా జూనియర్లను ఫ్యాక్టరీ చూపించడానికి తెస్తారు. దిగింది మా సారే. మేనేజరు సంబరపడ్డాడు.

"మీ శిష్యురాలే సార్. మీ ముందరే చేపిద్దాం."

ల్యాబు గది చిన్నది కాబట్టి పిల్లల్ని యంత్రాల దగ్గరే ఉంచి, మేం ముగ్గురమే లోపలికి వెళ్లాం. టైట్రేషన్ చేసి గుజ్జులో పులుపు ఎంతుందో చూడాలి. బ్యూరెట్‌లో ఉన్న క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలి. దీని మీద నన్ను పది పేజీలు రాయమంటే రాస్తాను. మర తిప్పాను. చుక్క రాలేదు, ధార కట్టింది. ఫ్లాస్కు బీట్‌రూట్ నీళ్లయింది. రెండోసారి భయపడి ముందే ఆపాను, రంగు వచ్చినట్టే వచ్చి పోయింది. అంకె చదవమన్నాడు మేనేజరు. బ్యూరెట్‌లో సున్నా పైన ఉంటుంది. నేను కింది నుంచి చదివాను.

మేనేజరు నా వైపు చూడలేదు, సారు వైపు చూశాడు. "ఏంది సార్ ఇది?"

సారు ముఖంలో వెంట్రుకంత సిగ్గు లేదు.

"మేము అందురికీ ఒకే మాదిరి నేర్పిస్తామండీ. కొందురికి చేతికి రాదు, ఏం చేసేది?"

మొదటి ఫ్లాస్కులోని ఆ ఎర్రనీళ్లు ఆయన తెల్లచొక్కా మీద పొయ్యాలనిపించింది. నా చెయ్యి దాని మెడను పట్టుకుంది కూడా. పొయ్యలేదు. మేనేజరు దాన్ని నా చేతిలోంచి తీసి సింకులో వంచాడు.

"నువ్వు బెల్టు కాడికి పోమ్మా."

వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి జూనియర్లు సారు వెనక బెల్టు చూడ్డానికి వచ్చారు. ఒక అమ్మాయి ఆగి, "అక్కా, నువ్వేం సదువుకున్నావు?" అని అడిగింది. బీయస్సీ అంటే మరి ఇక్కడెందుకున్నావని అడుగుతుంది. తక్కువ చదివినవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

"పది తప్పినా" అన్నాను.

దాని కళ్లల్లో జాలి చూసి ఒళ్లు మండిపోయింది.

"అయ్యో! మా సారు మాదిరి బాగా సెప్పేవాళ్లు దొరికుంటే పాసయ్యుందువక్కా."

సారు దాని పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. నా ముఖం వైపు ఒకసారి చూసి, ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి, మురిపెంగా నవ్వాడు.