చివరింట్లో బొట్టు పెట్టి పిలిచాను

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచి చిరాకు. పాకాలలో మా వీధిలో దయ్యాన్ని చూడని మనిషి లేడు. అందరికీ కనిపించిన ఆ దయ్యం నాకు మాత్రం ఎన్నడూ కనిపించలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

అక్కకు కాన్పు కష్టమైంది. చాలా రక్తం పోయింది. ఎక్కించారు, అయినా ముఖం సున్నం కొట్టిన గోడలా ఉండేది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని తిరుపతిలో ఒక సందులో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. అక్క, పసిబిడ్డ, అమ్మ, అవ్వ, నేను. నాయన సెలవు దొరికినప్పుడు వచ్చి పోయేవాడు. ఆ సందులో మాకెవరూ తెలియదు. వెళ్ళి పరిచయం చేసుకునే మనిషిని కాను నేను. కొత్తవాళ్ళు ఎదురైతే నేల చూస్తాను.

మంచం మీద అక్కకు ఒకటే కాలక్షేపం, ఫోన్‌లో కొరియా సీరియల్. పాతకాలపు రాజుల కథ. హీరో రక్తం తాగే పిశాచం. ఒంట్లో రక్తం లేనిదానికి రక్తం తాగేవాడి కథ ఎందుకని అమ్మ కసిరేది. అక్క వినేది కాదు. తోడు కూర్చున్న పాపానికి నేనూ చూశాను.

అంత డబ్బు పోసి అంత తెలివితక్కువ కథ తీయడానికి కూడా ప్రతిభ కావాలి. తరతరాలుగా నెత్తురు తాగుతున్న పిశాచానికి ఒక్క పన్నూ గారపట్టదు. పెదాలకు రంగు, కళ్ళకు కాటుక, కిటికీలు మూసిన గదిలో కూడా ఎగిరే జుట్టు. నెత్తురేమో గులాబీ షర్బత్. మొదట్లో ఎండ సోకితే బూడిదైపోతానంటాడు. హీరోయిన్‌తో తోటలో తిరగాల్సి వచ్చేసరికి ఒక టోపీ సరిపోతుంది. డబ్బింగ్‌లో కొరియా మంత్రులు “చిత్తం ప్రభూ” అంటుంటారు. హీరో ప్రతి భాగంలోనూ తన ఒంటరితనానికి కన్నీరు కారుస్తాడు, వెనక దాసీలు వరసగా నిలబడి ఉండగా.

మంచే లేదని కాదు. మంచు పడ్డ పెంకుల కప్పులు, పట్టుబట్టల రంగులు కళ్ళకు హాయిగా ఉంటాయి. పిశాచానికి భయపడే ముసలి రాజుగా వేసినాయన గొప్ప నటుడు. ఆయన గిన్నె కింద పెట్టే తీరులో ఉన్న భయం, మిగతావాళ్ళంతా అరిచినా రాలేదు.

నాకు అన్నిటికన్నా నవ్వొచ్చింది ఒక నియమం. ఇంట్లోవాళ్ళు పిలిస్తే తప్ప పిశాచం గడప దాటలేడు. ఒక భాగమంతా మంచులో గుడిసె బయట నిలబడే ఉంటాడు. లోపల కుట్టుపని చేసుకుంటున్న ముసలామె పిలవదు.

“గొంతు కొరికేదానికి వచ్చినోడికి ఇంత మర్యాదా? వాణ్ణి బొట్టు పెట్టి పిలవాల్నా?” అన్నాను.

“నీకేం తెలుసే, పుస్తకాల పురుగా. ఆ సీనే బాగుండాది,” అంది అక్క.

బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు వచ్చింది. నలుగురు ఆడవాళ్ళన్నా రాకపోతే ఎట్లా అని అవ్వ పట్టుబట్టింది. అమ్మ అక్కను వదిలి కదలలేదు. పొద్దున్నే కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి సందులోకి తోశారు. ప్రతి గడపలోనూ బొట్టు పెట్టి పిలవాలి. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, ముఖం చూడకుండా నుదురు చూడడం. నుదుటికి కళ్ళుండవు.

సందు చివర పచ్చ తలుపు ఇల్లు. తలుపు తీసే ఉంది. గడపకు అవతల ఒకామె నిలబడి ఉంది. నెరిసిన పాపిట, నుదురు, నీలం చీర అంచు. నేను చూసింది అంతే.

“బిడ్డను ఉయ్యాల్లో ఏస్తా ఉండాము. మద్దేనం రాండి,” అని భరిణె మూత తీశాను.

ఆమె వెంటనే నుదురు వంచలేదు.

“నాకా పాపా?” అంది. “సూసుకోని పెట్టు.”

“మీకే,” అన్నాను, చూడకుండానే. నుదురు చల్లగా ఉంది, అప్పుడే ముఖం కడుక్కున్నట్టు. తల దించుకునే భరిణె మూత పెట్టబోతే కాస్త కుంకుమ గడప మీద రాలింది.

ఇంటికొచ్చాక, మా వాకిట్లో పూలు కడుతున్న ఇంటి ఓనరమ్మ ఎవరెవరిని పిలిచావని అడిగింది. చెప్పాను.

“పచ్చ తలుపింటికా? ఆడ ఎవురుండారు పాపా? ఆయమ్మ పోయి ఏడాదాయె. తాళం ఏసింది ఏసినట్లే ఉండాది,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “అయినా ఆయమ్మకు బొట్టేంది? పెండ్లయిన కొన్నాళ్ళకే మొగుడు పోయినాడు, బిడ్డల్లేరు. శుభానికి అట్లాంటి మనిషిని ఎవురన్నా పిలస్తారా?” అంది.

అవ్వ, ఓనరమ్మ, నేను వెళ్ళి చూశాం. తాళం తుప్పు పట్టి ఉంది. గడప మీద నా కుంకుమ ఉంది. సగం ఇవతల, సగం మూసిన తలుపు కింద అవతలికి. నేను రాల్చినప్పుడు ఆ తలుపు మూసి ఉంటే అంతా ఇవతలే పడాలి.

ఇంటికొచ్చి చెబితే అమ్మ గుండెలు బాదుకుంది. “నెత్తురు లేని బాలింతుండే ఇంటికి దేన్ని పిలిసినావే! ఈ పొద్దు వద్దు, ఆపేద్దాం.”

 సీరియల్‌లో నేను అంత వెక్కిరించిన ఆ నియమమే గుర్తొచ్చింది. పిలవనంతవరకే రాలేడు. నేను పిలిచేశాను.

అవ్వ మాత్రం కదల్లేదు. “పిలిసినాక వద్దంటామా? పిలిసి ఆకు ఎయ్యకుంటే అది తప్పు. బతికినన్నాళ్ళూ ఎవురూ పిలవలా. ఇది పిలిసింది. రానీ.”

గుమ్మానికి ఎదురుగా ఒక ఆకు వేసి, పక్కన తాంబూలం పెట్టింది. మధ్యాహ్నం ఆడవాళ్ళు వచ్చారు, పాటలు పాడారు. ఓనరమ్మ ఆ ఆకుకు దూరంగా గోడకు అతుక్కుని కూర్చుంది. ఏమీ జరగలేదు. ఆకులో అన్నం చెక్కుచెదరలేదు. నాకు నవ్వు కూడా వచ్చింది.

అందరూ వెళ్ళాక అక్క ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తుకుని నన్ను పిలిచింది. నుదుటి మీద అమ్మ పెట్టిన నల్ల చాదు చుక్కకు పైన చిన్న ఎర్రబొట్టు. పసిబిడ్డకు ఎవరూ కుంకుమ పెట్టరు, చర్మం మండుతుందని. మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు. వచ్చినవాళ్ళను మర్నాడు అడిగితే మేము కాదంటే మేము కాదన్నారు. వాళ్ళలో ఒకరు అబద్ధం చెప్పి ఉండొచ్చు. అమ్మ కొంగుతో తుడవబోతే ఆ బొట్టు తడిగా, చల్లగా ఉంది.

తర్వాత అక్క మెల్లగా తేరుకుంది. అది మాత్రల వల్లే. ఆ విషయంలో నాకు సందేహం లేదు. ఓనరమ్మ ఇప్పుడు పచ్చ తలుపు ముందు నడవాలంటే తల మీదికి కొంగు లాక్కుని పరుగెడుతుంది. బతికుండగా పిలవని మనిషికి చచ్చాక భయపడడం ఆ సీరియల్ కన్నా హీనంగా ఉంది.

సీరియల్ కూడా అయిపోయింది. హీరో, హీరోయిన్ వచ్చే జన్మలో కలుసుకున్నారు, ఇంకేం చేస్తారు? అక్క మళ్ళీ మొదటి నుంచి చూస్తోంది. నేను పక్కన కూర్చుని మళ్ళీ తిడుతున్నాను. గుడిసె బయట మంచులో నిలబడే భాగం వస్తే మాత్రం లేచి వంటింట్లోకి పోతాను.

“నాకా పాపా?” అన్నది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక్కసారి తలెత్తి ముఖం చూడాల్సింది.