ఇస్త్రీ నలగని ప్యాంటు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరేమిటి, సింగపూర్ దీవి మొత్తం చాలలేదు. ఒక శనివారం పట్టపగలు అంతమంది ఎదుట నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పటికి మా అమ్మాయి సాహితికి పన్నెండేళ్ళు. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ దగ్గరి పిల్లల బేస్‌బాల్ జట్టులో చేరింది. జట్టు మేనేజర్ అప్పలస్వామి అంకుల్, మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో, ఆ లైనప్ అంతా ఆయనే చెప్పాలి. బేస్‌బాల్ గురించి నాకేం తెలుసంటారా? రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుకు వెళ్ళే ట్రైన్‌లో వారం రోజులు వీడియోలు చూశాను. పైగా గుంటూరులో గల్లీ క్రికెట్ ఆడినవాణ్ణి. ఇంకేం కావాలి?

మొదటి శనివారం సాహితి బంతి కొట్టి, పరుగులో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ చేరి నిలబడి ఉంది. తర్వాత బ్యాటు పట్టిన కుర్రాడు బంతిని ఆకాశానికి లేపాడు. "పరిగెత్తవే తల్లీ!" అని గావుకేక పెట్టాను. పిల్ల పరిగెత్తింది. ఈ ఆటలో క్యాచ్ పడితే పరిగెత్తినవాళ్ళు వెనక్కి చేరాలట, లేకపోతే వాళ్ళూ అవుటేనట! ఒక్క బంతికి ఇద్దరు పోయారు. తప్పెవరిది? మేనేజర్‌దే. ఆ రూలేదో నాకు ముందే చెప్పొద్దూ?

ఆ తర్వాత ఏ శనివారం చూసినా పిల్ల బెంచీ మీదే. అందరికీ నీళ్ళ సీసాలు అందించడం, చప్పట్లు కొట్టడం. తెల్ల ప్యాంటు ఇస్త్రీ మడత కూడా నలగకుండా ఇంటికొచ్చేది. నాకు కడుపు మండిపోయేది. బుధవారం సాయంత్రాలూ మ్యాచులుండేవి గానీ, నేను ఆఫీసులో బయల్దేరేసరికే అవి అయిపోయేవి.

"అంకుల్, ఆ బొద్దబ్బాయిని ఎందుకు దింపుతున్నారు? వాడికంటే నత్త నయం!"

"ఏటి తంబీ, మకాన్ అయిందా?"

"తిండి సంగతి తర్వాత. ముందు లైనప్ సంగతి చెప్పండి."

"ఆడు కొడితే కంచె దాటుతాది. నడిసొచ్చినా సాలు."

"ఊరుకోండి, ఆయనకు తెలియదా?" అంది మా ఆవిడ పద్మ.

"నీకు ఆటలేం తెలుసు?" అన్నాను. ఎంత బుద్ధిమంతుణ్ణో చూశారా!

ఆ సీజన్ చివరి మ్యాచ్ కూడా శనివారమే పడింది. మళ్ళీ బెంచీ! ఇక ఆగలేదు. నేరుగా మైదానంలోకి దిగాను.

"ఇవాళ నా కూతుర్ని ఆడించకపోతే రేపటినుంచి జట్టులో ఉండదు. బెంచీ మీది పిల్లలు పిల్లలు కారా?"

తల్లిదండ్రులందరూ ఇటు తిరిగారు. నా వాదనా పటిమకే అనుకున్నాను.

"నాన్నా, డోంట్ లా!" అంది సాహితి, ప్రతి మాటకూ 'లా' తగిలించే సింగపూర్ యాసలో. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

అంకుల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "పాపని నేను కూకోబెట్టలేదు తంబీ. పాపే కూకుంటంది. 'నాన్న వచ్చిన రోజు నన్ను దింపొద్దు అంకుల్, ఆయన అరిస్తే నా కాళ్ళు నా మాట వినవు' అంది. బుధవారం బుధవారం అందరికంటే ముందు దిగేది ఈ పాపే."

దిక్కుతోచక పద్మ వైపు చూశాను.

"బుధవారం ప్యాంట్లకు ఎర్రమట్టి వదల్చలేక నా చేతులు పడిపోతున్నాయి. ఆటలన్నీ తెలిసిన మీకు మట్టి కనపళ్ళేదా?"

సాహితి కళ్ళనిండా నీళ్ళు. "నాన్నా, యూ స్టే, ఐ సిట్. యూ గో, ఐ ప్లే. ఐ రియల్లీ వాంట్ టు ప్లే లా."

నోరు మూసుకుని బయటికి నడిచి, బస్టాపు బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి లోపలినుంచి పెద్ద కేక వినిపించింది. ఎవరు కొట్టారో, ఎవరు అవుటయ్యారో దేవుడికెరుక. బెంచీ మీది పిల్లలకు కనీసం ఆట కనిపిస్తుంది. నాకు బస్సులు కనిపించాయి.

ఆట అయ్యాక పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. నడుము దాకా ఎర్రమట్టి. "నాన్నా, వీ వన్!" అంటూ నన్ను వాటేసుకుని నా చొక్కాకూ పూసింది. అంత సంతోషం, అంత సిగ్గు ఒకేసారి నాకెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నన్నూ అప్పుడప్పుడు చివరి ఇన్నింగ్స్‌కు లోపలికి దింపుతున్నారు. ఈ లైనప్ నిర్ణయించేది సాహితే. నోట్లో కరీపఫ్ ఉండాలన్నది షరతు. కాబట్టి అప్పలస్వామి అంకుల్ టోపీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బంతి గాల్లో ఉండగా ఇక ఈ జన్మలో నోరు తెరవను, రెండో కరీపఫ్ కోసం తప్ప.