నలంచి పాట తెగిన చోట

మా పై వాటాలో ఉండే మేడం గత వారం చనిపోయారు. ఊపిరితిత్తుల జబ్బు, ముదిరాక తెలిసింది. ఉప్పల్‌లో చూసిన డాక్టరు ఇంకాస్త ముందు రావాల్సింది అన్నాడట. చూపించుకోమని నేను చలికాలంలోనే అన్నాను. అందుకే కబురు విన్నాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఆమెది కాకినాడ వైపు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. నేను మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాల మెషిన్ మీద పనిచేస్తాను. బడి చదువు పదితో ఆగింది, మిగతాది నేను చదువుకున్నదే. నాచారంలో మా మేడ మీదికి వచ్చే నలంచి పిట్ట మా ఇద్దరికీ మాటలు కలిపింది. నలుపూ తెలుపూ ఒళ్లు, నిక్కిన తోక. డిష్ యాంటెన్నా ఎక్కి పాడేది.

పొద్దున్నే మేడం స్టీలు గ్లాసులో టీతో పిట్టగోడ దగ్గర నిలబడేవారు. పాటకు గ్లాసు మీద వేలితో తాళం వేసేవారు. పాట మధ్యలో తెగితే వేలు గాల్లోనే ఆగేది. మళ్లీ మొదలయ్యేదాకా టీ తాగేవారు కాదు.

నిరుడు ఎండాకాలం ఆ పాట పొట్టిదైపోయింది.

"ఏమైంది మేడం దీనికి? గొంతు వోయిందా?" అని అడిగాను.

"నెత్తుట్లో పరాన్నజీవి చేరి ఉండొచ్చయ్యా. దోమ కుట్టి మనకి మలేరియా వచ్చినట్టే వాటికీ వస్తుంది. సత్తువంతా దాంతో కొట్లాటకే పోతే పాటకేం మిగులుతుంది?"

"పాడకుంటే ఏంది నష్టం?"

"ఆడపిట్ట రాదు. అది పాట విని మగాణ్ణి ఎంచుకుంటుంది. బాగా పాడేవాడికి రోగం తక్కువుంటుంది, పిల్లలకీ ఆ తట్టుకునే గుణం రావచ్చు."

"మనదాంట్ల పెళ్లిచూపులకు పిల్లను పాడమంటరు, పిట్టలల్ల పిలగాన్ని. గదే మంచిగుంది."

ఆమె నవ్వారు. నవ్వు చివర దగ్గు వచ్చింది. తేరుకుని, "పాట తగ్గగానే పరాన్నజీవే అనెయ్యకు. ఆకలి కావచ్చు, వయసు కావచ్చు. రక్తం చూడందే చెప్పకూడదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. మా సూపర్‌వైజరుకు ఆ బుద్ధి లేదు. జ్వరంతో చెయ్యి నెమ్మదిస్తే నాటకం అంటాడు.

చలికాలానికి ఆమె మాటలూ పొట్టివయ్యాయి. వాక్యం మధ్యలో ఆగి గాలి పీల్చుకునేవారు.

"మేడం, మీ పాట గూడ తెగుతుంది. దవాఖానకు పోదాం, జర నడువుండ్రి" అన్నాను.

"ముసలితనమయ్యా. పైగా రోడ్డు దుమ్ము. అయినా నన్నిప్పుడు ఎవరు ఎంచుకోవాలి?"

"రక్తం సూడంది చెప్పొద్దన్నది మీరే గద. సూపిచ్చుకోండ్రి మరి."

"చూద్దాంలే."

చూడలేదు. పిట్ట గురించి తొందరపడొద్దని నేర్పిన మనిషి, అదే జాగ్రత్తను తన ఒంటికి సాకుగా వాడుకున్నారు. దీన్ని నేను క్షమించను. పాటలో రోగం కూడా వినిపించొచ్చని నాకు చెప్పింది మాత్రం ఆమె ఒక్కరే. అదీ మరవను.

ఈ పొద్దున డ్యూటీకి ముందు టీ పట్టుకుని మేడ ఎక్కాను. నలంచి పాడుతోంది, పొట్టిగానే. పక్కింటి తీగ మీద బూడిద రంగు ఆడపిట్ట కూర్చుని ఉంది. పాట మధ్యలో తెగింది. ఆడపిట్ట కదల్లేదు. గ్లాసు మీద నుంచి లేచిన నా వేలు అలాగే ఉండిపోయింది.